ద్రాక్షసారా పేరా తియ్యనన్న చీఫ్ గారు

మా పక్కింటి చీఫ్ గారు పోయారన్న కబురు మా తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో చూశాను. అప్పుడు నేను కెనడాలోని మా ఊరు మిల్టన్ నుంచి టొరంటో వెళ్ళే ట్రెయిన్‌లో ఉన్నాను. "గ్రీస్ దేశంలో చాలాకాలం పనిచేసిన మన చీఫ్ ఇంజనీర్ గారు ఈ ఉదయం గ్వెల్ఫ్‌లో కూతురింట్లో స్వర్గస్థులయ్యారు" అని మెసేజ్. కింద వరసగా దణ్ణాల బొమ్మలు. ఏడుపు కంటే ముందు నాకు ఒళ్ళు మండింది. గ్రీస్ ఏమిటండీ? పదేళ్ళుగా ఈ ఊళ్ళో ఎవరింటికి భోజనానికి పిలిచినా ఆయన మాట్లాడింది ఒకే ఒక్క ఊరి గురించి. సైప్రస్ దీవిలోని లిమసోల్, మధ్యధరా సముద్రపు రేవు పట్టణం. ఆహా ఓహో అని తలలూపిన వాళ్ళలో ఒక్కరి చెవికీ ఆ పేరు ఎక్కలేదన్నమాట.

ఆయన విశాఖపట్నంలో పుట్టారు. ఓడల్లో చీఫ్ ఇంజనీరయ్యారు. ఆ పైన లిమసోల్‌లో, ఓడల బాగోగులు చూసే ఒక కంపెనీలో పద్నాలుగేళ్ళు ఒడ్డు మీద ఉద్యోగం చేశారు. కూతురు గ్వెల్ఫ్‌లో యూనివర్సిటీలో పాఠాలు చెబుతుంది. ఆమెకు దగ్గరగా ఉండాలి, ఆమె వంటింట్లో మాత్రం ఉండకూడదు అనుకుని మా టౌన్‌హౌస్ పక్కది కొనుక్కున్నారు. మా రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. పొద్దున్నే తలుపు తీసి "గాలి వాయవ్యం, చూపు బాగానే ఆనుతోంది" అని ఎవరూ అడక్కుండానే ప్రకటించేవారు. మంచు ఎత్తిపోసేటప్పుడు కూడా అంతే. నేను నవ్వితే "నవ్వు, నవ్వు. ఇంజన్ గదిలో ఉన్నవాడికి బయట ఏముందో చెప్పేవాడు లేక ఎంత బాధో నీకేం తెలుసు" అనేవారు.

లిమసోల్ గురించి ఆయన ఒక వ్యాసం మొదలుపెట్టారు. చెయ్యి వణకడం మొదలయ్యాక ఆయన చెబుతుంటే నేను టైప్ చేసేదాన్ని. అది శనివారం పొద్దుటి పని. ముందు చిన్న ఇత్తడి గిన్నెలో కాఫీ కాచేవారు. అడుగున మడ్డి ఉంటుంది, పాలు పొయ్యరు. నేను మొదటిసారి ఫ్రిజ్‌లోంచి పాలు తీసి పోసుకుంటే ఆయన మొహం చూడాలి!

"ఏం పని చేశావమ్మా! పాలూ పంచదారా కావాలంటే ఆ డ్రైవ్‌త్రూ కాఫీ కొట్టుకి పో. నా ఇంట్లో కాదు."

అలా నాలుగు నెలల్లో తయారైంది ఆయన వ్యాసం. ఎంత బాగుంటుందో! సముద్రానికి ఎదురుగా పాత కోట, ఒక ఇంగ్లీషు రాజు పెళ్ళి చేసుకున్నది అక్కడేనని ఊరివాళ్ళు చెప్పుకోవడం, కోట పక్కన మసీదు, నాలుగు సందుల అవతల చర్చి. ఒడ్డున కారబ్ గిడ్డంగులు. కారబ్ అంటే ముదిరిన చింతకాయలా ఉండే తియ్యటి కాయ. ఓడలకు ఓడలు నిండి పోయేదట, ఊళ్ళో దాన్ని నల్ల బంగారం అనేవారట. మన కంసాలులు గురివింద గింజతో తూచినట్టు అక్కడ ఆ గింజతో బంగారం తూచేవారట. యుద్ధం వచ్చి దీవి రెండుగా చీలి, తూర్పున ఉన్న పెద్ద రేవు మూతపడ్డాక సరుకంతా లిమసోల్ మీద ఎలా పడిందో కూడా రాశారు. అన్నిటికీ నడుమ నాలుగు పేరాల ద్రాక్షసారా. కొండ ఊళ్ళలో ద్రాక్షపళ్ళని, మనం వడియాలు పెట్టినట్టు, ఎండలో పరిచి వాడ్చి, తీపి సారా తీసి, మేకతోలు తిత్తుల్లో నింపి గాడిదల మీద రేవుకు దింపడం.

మా తెలుగు సంఘం ఉగాది సంచికకి ఎడిటర్‌ని నేనే. అందులో వేద్దామని కమిటీకి పంపితే మా ప్రెసిడెంట్ గారు ఫోన్ చేశారు.

"ఎడిటర్ గారూ, వ్యాసం సూపర్. కానీ ఉగాది సంచికలో మద్యమా? ఫ్యామిలీస్ చదువుతాయి కదండీ. ఆ వైన్ పార్ట్ డిలీట్ చేయించండి."

ఈ మాట అన్నదెవరనుకున్నారు? ఏ గరాజ్ పార్టీలో చూసినా గ్లాసు ఎత్తి, స్కాచ్ ఎన్నేళ్ళు పీపాలో ఉందో అరగంట ఉపన్యాసమిచ్చే పెద్దమనిషి! ఆయన గ్లాసుకి అడ్డం రాని ఫ్యామిలీలు చీఫ్ గారి నాలుగు పేరాలకి వచ్చాయి.

చీఫ్ గారు ఒకటే మాటన్నారు. "ఓడలోకి ఏమెక్కించారో చెప్పకుండా రేవు గురించి ఏం చెబుతాం? తియ్యను."

ఆ ఏడు వ్యాసం పడలేదు. మరుసటేడు నేనో గొప్ప తెలివితేటల పని చేశాను. ఆయనకి చెప్పకుండా, ద్రాక్షసారా అన్న చోటల్లా ద్రాక్షరసం అని మార్చి కమిటీకి పంపాను. వెంటనే ఓకే అన్నారు. సంబరంగా ప్రింట్ తీసుకుని పక్కింటికి పరిగెత్తాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మూడో పేజీ దాకా చదివి, కాగితాలు బల్ల మీద పెట్టారు.

"ద్రాక్షరసం తిత్తిలో పోసి ఎండలో గాడిద మీద పెడితే రేవుకి చేరేసరికి ఏమవుతుందో తెలుసా? తిత్తి పేలుతుంది."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"నా పేరు తీసెయ్ అమ్మా, పర్వాలేదు. ఊరిని తియ్యకు."

ఆ కాపీ అచ్చుకి వెళ్ళకుండా ఆపించాను. అయినా రెండు శనివారాలు ఆ తలుపు తెరుచుకోలేదు. మూడో శనివారం గోడ మీద తట్టి "కాఫీ చల్లారిపోతోంది" అని అరిచారు. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఎత్తి నాలుగు చివాట్లు పెట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది. వ్యాసం అచ్చు చూడకుండానే పోయారు. అందులో నా పాపం కూడా ఉంది.

పోయిన ఆదివారం కమ్యూనిటీ హాల్లో సంతాప సభ పెట్టారు. తెర మీద తెల్లటి గోడలు, నీలం గుమ్మటాలు. అది ఎక్కడో వేరే దేశపు వేరే దీవి! ఎవరో నెట్‌లోంచి దించి పెట్టారు. దాని ముందు నిలబడి ప్రెసిడెంట్ గారు గొంతు సవరించుకున్నారు.

"చీఫ్ గారు మన కమ్యూనిటీకి ఒక అసెట్. ఆయన వ్యాసాన్ని ఈ ఉగాది సంచికలో వేసి నివాళి అర్పిస్తున్నాం. ఎడిటర్ గారు ఇదివరకే ఎడిట్ చేసిన క్లీన్ కాపీ మన దగ్గర రెడీగా ఉంది."

క్లీన్ కాపీ! నా ద్రాక్షరసం కాపీ. బతికుండగా ఆయన వద్దన్నదాన్ని, ఇక వద్దనలేరు కదా అని ఆయన పేరుతో వేస్తారట. లేచాను.

"అది ఆయన రాసింది కాదండీ. నేను పాడుచేసింది. తప్పు నాది. ఆయన రాసింది ఇదీ" అని బ్యాగులోంచి అసలు కాగితాలు తీశాను.

"అబ్బా, ఇప్పుడెందుకండీ ఇవన్నీ? సభలో గొడవ వద్దు. భోజనాలు కూడా వచ్చేశాయి" అన్నారాయన. ఆ పైన ముందు వరసలో ఉన్న కూతురి వైపు తిరిగి, "ఏమ్మా, మీ ఫ్యామిలీకి ఓకేనే కదా?" అని అడిగారు.

లిమసోల్‌లో పెరిగిన పిల్ల. ఇంట్లో మాట్లాడే తెలుగు అర్థమవుతుంది, చదవడం రాదు. "నో," అందామె. "ఆల్ ఆఫ్ ఇట్, ఆర్ నథింగ్." తరవాత నన్ను చూసి, "ఆంటీ, ప్లీజ్ రీడ్ ఇట్" అంది.

చదివాను. మొదటి అక్షరం నుంచీ చదివాను. కోట అయ్యేసరికి వెనక వరసలు లేచాయి. కారబ్ దగ్గర పులిహోర మూతలు తీసిన చప్పుడు. ప్రెసిడెంట్ గారు కూడా ప్లేటు అందుకున్నారు. నేను ఆపలేదు. కొండ ఊళ్ళ పేర్లు పలకడంలో తడబడితే ఆమె కూర్చున్న చోటి నుంచే సరిదిద్దింది. రెండోసారి తడబడేసరికి కుర్చీలోంచి లేచి వచ్చి నా పక్కన నిలబడింది. ద్రాక్షసారా పేరాల్లోకి వచ్చాం. తనకి రాని ఆ అక్షరాల కింద ఆమె వేలు నా గొంతు వెనకాలే, ఒక మాట ఆలస్యంగా, మెల్లగా కదులుతోంది.