మంగినపూడి పాకలో మార్తమ్మ

మార్తమ్మ ఏఎన్ఎంగా పామర్రు చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగింది. ఎంతమంది పిల్లలు తన చేతుల మీద పుట్టారో ఆమెకే గుర్తులేదు. భర్త ఏసుపాదం ఆర్టీసీ డ్రైవరు. వేసవి వస్తే పెళ్లిళ్ల రద్దీ, స్పెషల్ బస్సులు. ఆయనకు సెలవు దొరికేది కాదు. బందరు రూటులో ఏళ్ల తరబడి బండి నడిపిన మనిషి, ఒక్కగానొక్క కొడుకు జాన్ పాల్‌కి మాత్రం సముద్రం చూపించలేకపోయాడు. వాడు స్కూలు పిల్లలతో వెళ్లి చూసొచ్చి చెబితే విన్నాడు.

ఆ లోటు ఆయన మనసులో ఉండిపోయినట్టుంది. రిటైరై భవానీపురంలో స్థిరపడ్డ ఏడాదే బందరు దగ్గర మంగినపూడి సముద్రపు ఒడ్డుకి వెళ్లి, సరుగుడు తోటలో వెంకటప్పయ్య అద్దెకిచ్చే తాటాకు పాక ఒకటి మాట్లాడొచ్చాడు. అప్పట్నుంచి ప్రతి మే నెలలో ఓ వారం అందరూ అక్కడే. జాన్ పాల్, కోడలు హెప్సిబా, మనవరాలు డయానా, తర్వాత పుట్టిన నతాన్. చెట్లకు ఉయ్యాల కట్టడం, చేపలు కాల్చడం జాన్ పాల్ పని. లుంగీ ఎగ్గట్టి పొయ్యి దగ్గర కూర్చుంటే పిల్లలకన్నా వాడి అల్లరే ఎక్కువగా ఉండేది.

వానాకాలంలో ఒకనాడు, అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ జాన్ పాల్ కూలిపోయాడు. గుండెపోటన్నారు. ఇంకా నలభై నిండలేదు. హెప్సిబా పిల్లల్ని తీసుకుని పామర్రులో పుట్టింటికి వెళ్లి, అక్కడే ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరింది.

మళ్లీ మే వచ్చింది.

"వాడు లేకుండా ఏం మొహం పెట్టుకుని వెళ్తామే?" అన్నాడు ఏసుపాదం.

"పిల్లలకి నాన్న పోయాడు. సెలవులు కూడా పోవాలా?" అని మార్తమ్మే వెంకటప్పయ్యకి ఫోన్ చేసింది.

వెళ్లారు. ఉయ్యాల ఏసుపాదమే కట్టాడు. ఒక పక్కకి ఒరిగింది. నతాన్ జారి పడితే తాడుని తిట్టాడు, చెట్టుని తిట్టాడు. ఎవరూ నవ్వలేదు.

ఒకరోజు పొద్దున అత్తాకోడళ్లిద్దరూ పాక వెనక కూర్చుని రొయ్యలు ఒలుస్తుంటే, హెప్సిబా తలెత్తకుండానే అంది: "అత్తయ్యా, మా అన్నయ్య ఒక సంబంధం చూశాడండీ. మైలవరంలో. నేనింకా ఏ మాటా చెప్పలేదు. ముందు మీకు చెప్పాలనిపించింది."

మార్తమ్మ చేతులు ఆగలేదు. "ఏం చేస్తాడు?"

"హైస్కూల్లో మాస్టారండీ. దేవసహాయం గారని. భార్య పోయారంట. పిల్లల్లేరు."

"తాగుతాడా?"

"లేదండీ."

"నువ్వు మాట్లాడావా?"

"మాట్లాడానండీ. డయానాకి నచ్చారు." హెప్సిబా ఒలిచిన రొయ్యనే మళ్లీ ఒలవబోయింది. "మీ అబ్బాయిని అప్పుడే మర్చిపోయానని మీరు అనుకుంటారేమోనని..."

ఉద్యోగంలో ఉన్నప్పుడు ఇలాంటి కోడళ్లని ఎందరినో చూసింది మార్తమ్మ. 'దాని బతుకు దాన్ని బతకనివ్వండమ్మా' అని వాళ్ల అత్తలకి నచ్చజెప్పింది. పరాయి ఇంటి గడపలో నిలబడి చెప్పడం ఎంత తేలికో ఇప్పుడు తెలిసింది.

"చేసుకో తల్లీ," అంది. "మేమెన్నాళ్లుంటాం? నీకో తోడుండాలి."

లేచి బోరింగు దగ్గరికి వెళ్లింది. చేతులు ఎప్పుడో శుభ్రమయ్యాయి. అయినా కొడుతూనే ఉంది, నీళ్లు ఇసకలోకి పోతూనే ఉన్నాయి.

మధ్యాహ్నం సంగతి విన్న ఏసుపాదం కంచం ముందునుంచి లేచి, ఆ మండుటెండలో ఒడ్డుకి వెళ్లిపోయాడు. వెనకాలే వెళ్లింది మార్తమ్మ.

"నా మనవడు ఎవణ్నో డాడీ అని పిలుస్తాడు. నువ్వు సరే అన్నావు."

"అన్నాను."

"నీకసలు గుండె ఉందా?"

మార్తమ్మ ఆయన పక్కనే ఇసకలో కూలబడింది. నెత్తిన కొంగు కప్పుకుని, డయానా వచ్చి పిలిచేదాకా అలాగే కూర్చుంది.

పెళ్లి మైలవరం చర్చిలో జరిగింది. ఏసుపాదం ఒంట్లో బాగోలేదన్నాడు. మార్తమ్మ ఒక్కతే బస్సెక్కి వెళ్లి, ముందు వరసలో కూర్చుంది. పక్కనున్న పెద్దావిడ, "అమ్మాయికి మీరేమవుతారండీ?" అని అడిగింది.

"అత్తనండీ."

"ఓహో, పెళ్లికొడుకు తల్లిగారా! చూడముచ్చటగా ఉందండీ జంట."

మార్తమ్మ తలూపింది. విడమరచి చెప్పే ఓపిక లేకపోయింది.

ఆ మరుసటి వేసవిలో పిల్లలు మంగినపూడి వచ్చారు గానీ, వారానికి కాదు, మూడు రోజులకే. దేవసహాయం స్వయంగా తీసుకొచ్చి, వాకిట్లోనే నిలబడి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు. మర్యాదస్తుడు. అతని మీద కోపం తెచ్చుకోవడానికి మార్తమ్మకి ఏమీ దొరకలేదు.

ఆ సాయంత్రం నతాన్ ఒడ్డు మీదనుంచి పరుగెత్తుకొచ్చాడు. ప్లాస్టిక్ డబ్బాలో ఎర్రటి పీత ఒకటి గిలగిల్లాడుతోంది.

"నానమ్మా! డాడీకి చూపించాలి!"

ఎగ్గట్టిన లుంగీతో పొయ్యి ముందు కూర్చున్న కొడుకు ఒక్క క్షణం మార్తమ్మ కళ్ల ముందు మెదిలాడు. ఎక్కడున్నాడా అని తల తిప్పి చూసింది కూడా. ఆ తర్వాతే పిల్లవాడి మాట అర్థమైంది.

మంచం మీదున్న ఏసుపాదం గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మార్తమ్మ పమిటతో చేతులు తుడుచుకుని ఫోన్ తీసింది. చెట్ల కింద సిగ్నల్ అందలేదు. పిల్లవాణ్ని వెంటబెట్టుకుని ఆరుబయటికి నడిచి, వీడియో కాల్ కలిపింది.

"బాగున్నారా అత్తయ్య గారూ?" అన్నాడు దేవసహాయం.

"బాగున్నాం బాబూ," అంది మార్తమ్మ. "వాడు నీకేదో చూపిస్తాడంట." రెండు చేతులతో పట్టుకుని, ఫోన్‌ని డబ్బా వైపు తిప్పింది.