పదకొండు రోజులుండగా పడిన ముద్ర

ఏ రాజూ, ఏ సైన్యమూ దాటించనంతమంది పిల్లల్ని మా అమ్మమ్మ దేశాల సరిహద్దులు దాటించింది. అదీ కుర్చీలోంచి లేవకుండా, పూటకి రెండుసార్లు టీ తాగుతూ. ఆయుధం ఒక్కటే, తారీఖు ముద్ర.

అమ్మమ్మ ఒక సర్కారు ఆఫీసులో తపాలు గుమాస్తా. వచ్చిన కవర్లు విప్పి, అందిన తారీఖు ముద్ర కొట్టడం ఆవిడ పని. భార్యాభర్తలు తగువుపడి, ఒకరు రెండోవాళ్లకి చెప్పకుండా బిడ్డని వేరే దేశానికి పట్టుకుపోతే, తిరిగి పంపించమనే అర్జీలు ఆ ఆఫీసుకే వస్తాయి. బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్నది ఇక్కడ తేల్చరు. అది బిడ్డ పెరుగుతూ వచ్చిన దేశంలోని కోర్టే తేల్చాలి, కాబట్టి ముందు అక్కడికి పంపాలి. ఇందులో ఒక మెలిక ఉంది. బిడ్డని పట్టుకొచ్చిన ఏడాదిలోపల అర్జీ కోర్టుకి చేరితే ఇంచుమించు పంపక తప్పదు. ఏడాది దాటిందా, పిల్ల ఇక్కడ కుదురుకుంది, కదపొద్దని వాదించుకోవచ్చు. ముద్ర పడితేగాని ఏ అర్జీ కోర్టు వైపు కదలదు, అందుకే ఆ ఆఫీసులో అందరికంటే పెద్ద అధికారి అమ్మమ్మ ముద్రే అని నా అభిప్రాయం. అధికారులు ఒప్పుకోరు.

ఈ సంగతులన్నీ అమ్మమ్మ అన్నం తింటూ చెప్పేది. మా అమ్మ శ్రద్ధగా వినేది. అంత శ్రద్ధ ఎందుకో ఎవరూ అడగలేదు.

నాకప్పుడు ఆరేళ్లు. సెలవులకని నాన్నకి చెప్పి, నాన్న ఒప్పుకున్నాడని అమ్మమ్మకి చెప్పి, అమ్మ నన్ను నాన్న ఉన్న దేశం నుంచి తెచ్చి ఇక్కడి బళ్లో వేసింది. నాన్న ఫోన్ చేసినప్పుడల్లా వచ్చే నెల వస్తామనేది. ఆ బళ్లోంచి ఈ బళ్లోకి దూకడంలో నాకు ఎక్కాలు రెండు చోట్లా సగమే వచ్చాయి. ఏడో ఎక్కం ఇప్పటికీ మధ్యలోనే ఉంది.

ఒక ఉదయం అమ్మమ్మ కళ్లజోడు ఇంట్లో మర్చిపోతే, అమ్మా నేనూ ఆఫీసుకి పట్టుకెళ్లాం. అమ్మమ్మ అప్పటికే కవర్లు విప్పి, కాగితాలు చేతికందినంత దూరంలో పెట్టుకుని చూస్తోంది. అమ్మ బల్ల మీదికి వంగి అలాగే ఆగిపోయింది. పై కాగితానికి గుచ్చి ఉన్నది నా ఫోటో.

"అమ్మా, దాన్ని అడుగున పెట్టు," అంది అమ్మ, గొంతు తగ్గించి. "పదకొండు రోజులు చాలు. ఏడాది నిండిపోతుంది."

"కళ్లజోడు ఇలా ఇవ్వు."

"నువ్వేం తప్పు చెయ్యక్కర్లేదే. ఊరికే ఉండు, అంతే. మీ ఆఫీసులో ఫైళ్లు ఊరికే పడుండవా?"

న్యాయమైన ప్రశ్నే. ఆ ఆఫీసులో ఒక బీరువా తలుపు తెరిచి నాలుగేళ్లయింది. అమ్మమ్మ కళ్లజోడు పెట్టుకుని కాగితం చివరిదాకా చదివింది. 'బిడ్డ ప్రస్తుతం ఎవరి ఇంట్లో ఉంది' అన్నచోట అమ్మమ్మ పేరే ఉంది. నాన్న నిజంగా ఒప్పుకున్నాడా అని అమ్మని అడగలేదు. ఇంక అడగడానికేముంది. నేను ఆఫీసుకి వెళ్లినప్పుడల్లా ముద్ర నాచేతే కొట్టించేది కాబట్టి, అలవాటుకొద్దీ చెయ్యి చాచాను.

"ఇది నేనే కొట్టాలి," అని నా చెయ్యి పక్కకి జరిపి, కొట్టింది.

ఆ కాగితం పట్టుకుని లోపలికెళ్లి, ఇది మా ఇంటి పిల్ల ఫైలు, నా బల్ల మీద ఉండకూడదు, ఆలస్యం కాకుండా కోర్టుకి పంపండి అని పై అధికారికి చెప్పింది. మీరు తిరిగొచ్చేదాకా దీన్ని కదపం, రెండు వారాలు సెలవు పెట్టుకోకూడదా అని ఆయన మెల్లగా అన్నాడట. నా ఒంట్లో బాగానే ఉంది అందట.

కోర్టు పంపమంది. సంచీ అమ్మమ్మే సర్దింది, సాక్సులు ఒక్క జత కూడా తప్పకుండా. అమ్మ కూడా నాతో వచ్చేసింది. అక్కడి కోర్టు నన్ను సగం వారం అమ్మకి, సగం వారం నాన్నకి పంచి, పెద్ద సెలవులు అమ్మమ్మకి రాసింది. ఏడాదిన్నర పాటు అమ్మమ్మ ఫోన్ వస్తే అమ్మ ఒక్క మాటా మాట్లాడకుండా నా చేతిలో పెట్టేసేది. అమ్మమ్మ ఒక్క ఆదివారం కూడా మానలేదు.

ఈ సెలవుల్లో ఇదంతా రాసి అమ్మమ్మకి చదివి వినిపించాను. ఆ ఫైలు పదకొండు రోజులు సొరుగులో పడుకుని ఉంటే నేను ఏడాది పొడుగునా నీ దగ్గరే ఉండేదాన్నేమో, ఒక్కసారైనా నీ చెయ్యి ఆగలేదా అని అడిగాను.

"ఆ రోజు ముప్పై నాలుగు కవర్లు వచ్చాయి. ముప్పై నాలుగు ముద్రలు కొట్టాను," అంది. "ఇంత రాశావు, కింద తారీఖు ఏదే?"