అరచేతికి తగిలే గాలి

ఇవాళ పొద్దున సిరా సీసా మూత తీయగానే ఆ ఘాటు ముక్కుకి తగిలింది. గోళ్ళరంగు తుడిచే ద్రవానిదీ ఇదే వాసన. అందుకే ఆ ద్రవం ఇంట్లోకి తేవడం మానేశాను. ఈ వాసనకి నాకు డేవిడ్ గారు గుర్తొస్తారు. నేనెంత పిరికిదాన్నో కూడా గుర్తొస్తుంది.

జగ్గయ్యపేట దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో, బస్తాలు నింపే విభాగంలో చేరినప్పుడు నా దగ్గర డిప్లొమా ఉంది, దానికి మించిన పొగరూ ఉంది. డేవిడ్ గారు పెనుగంచిప్రోలు నుంచి ఆటోలో వచ్చే కాంట్రాక్టు ఆపరేటరు. కదిలే బస్తాల మీద తేదీ, బ్యాచి నంబరు వేసే ఇంక్‌జెట్ యంత్రం ఆయన చూసేవారు. సిరా చిమ్మే రంధ్రం కంటికి ఆనదు. చుట్టూ చూస్తే సిమెంటు దుమ్ము. రోజుకి నాలుగుసార్లు అది పూడుకుపోయి పని ఆగేది. మా ఇంజనీర్లు యంత్రం చేసిన కంపెనీకి ఉత్తరాలు రాస్తూ కూర్చుంటే, ఆయన పాలపొడి డబ్బా కోసి ఆ రంధ్రం చుట్టూ తొడుగు చేశారు. లోపలికి సన్న గొట్టంతో కంప్రెసర్ గాలి వదిలారు. ఆ గాలికి దుమ్ము దగ్గరకి రావడం మానేసింది.

పొద్దున్నే గాలి తిప్పాక ఆయన వెంటనే యంత్రం వేసేవారు కాదు. గొట్టం ముందు అరచెయ్యి పెట్టి కాసేపు నిలబడేవారు.

"ఏంటండీ, ప్రార్థనా?" అని ఎగతాళి చేసేదాన్ని.

"ఆగు అమ్మాయ్. చెయ్యి పొడిగా ఉందనిపించాక వేద్దాం" అని నవ్వేవారు. పెద్దాయన చాదస్తం అనుకున్నాను.

ఆ తర్వాత విజయవాడలో ఇంక్‌జెట్ ముద్రణ మీద సదస్సు పెట్టారు. ఆ డబ్బా గురించి నన్ను మాట్లాడమన్నారు. మొదటి స్లైడు మీద డేవిడ్ గారి పేరు రాశాను. "కాంట్రాక్టు మనిషి పేరు పెడితే మన ఇంజనీర్లేం చేస్తున్నారంటారు. తీసెయ్యమ్మా" అన్నారు మేనేజరు గారు. తీసేశాను. కాదంటే ఉద్యోగమేం పోయేది కాదు, ప్రమోషన్ ఆలస్యమయ్యేది, అంతే. డేవిడ్ గారినీ వెంట తీసుకెళ్ళాం, డబ్బా మోయడానికి. ఆదివారం చర్చికి వేసుకునే తెల్లచొక్కా వేసుకొచ్చారు. కారెక్కుతూ, "నా పేరు కూడా చదువుతావా అమ్మాయ్?" అని అడిగారు. "చూద్దాం లెండి" అన్నాను, ఆయన మొహం చూడకుండా.

చప్పట్లు బాగానే పడ్డాయి. అప్పుడు ముందు వరుసలోంచి ఒకాయన లేచారు. "వానాకాలం కంప్రెసర్ గాలిలో నీళ్ళొస్తాయి కదండీ. ఆ తడికి దుమ్ము గట్టిపడిపోదా? మీరేం చేస్తున్నారు?"

అప్పటికి గాని నాకా అరచెయ్యి అర్థం కాలేదు. చివరి వరుసలో డేవిడ్ గారు సగం లేచి నిలబడి, కుడి చెయ్యెత్తి నాకు అరచెయ్యి చూపిస్తున్నారు. తన పేరు లేదని అప్పటికే చూశారు. అయినా జవాబు అందిస్తున్నారు, పాపం. "ఆయన్ని అడగండి, ఇది ఆయన చేసిందే" అంటే సరిపోయేది. మేనేజరు నా వైపే చూస్తున్నారు.

"మా దగ్గర ఆ సమస్య రాలేదండీ" అన్నాను.

రాలేదు మరి. రోజూ ఆయన చెయ్యి పెట్టి చూస్తుంటే ఎలా వస్తుంది? ఆయన మెల్లగా చెయ్యి దించుకుని కూర్చున్నారు.

తిరుగు ప్రయాణంలో పరిటాల హనుమంతుడి విగ్రహం దాటి, నందిగామలో టీకి ఆగాం. మేనేజరు ఫోన్ మాట్లాడుతూ పక్కకి వెళ్ళాక, "డేవిడ్ గారూ, పేరు విషయం..." అన్నాను.

"బాగా మాట్లాడారు మేడమ్" అన్నారాయన, గ్లాసులోకి చూస్తూ. "ఆ తడి సంగతొక్కటి చెప్పాల్సిందండి. విన్నోళ్ళ మిషన్లు పాడైపోతాయి."

పని మానేసి వెళ్ళిపోయేదాకా ఆయన నన్ను మళ్ళీ అమ్మాయ్ అనలేదు. ఒక్కసారి తిట్టినా బాగుండేది. ప్రమోషన్ మాత్రం అనుకున్న టైముకే వచ్చింది.

ఇవాళ సిరా పోశాక గాలి తిప్పి, గొట్టం ముందు అరచెయ్యి పెట్టాను. సన్నటి తుంపర తగిలింది. అది ఆగేదాకా నిలబడ్డాను. కొత్తగా చేరినవాళ్ళు ఇదేం పద్ధతని అడిగితే డేవిడ్ గారిదని చెబుతాను. ఆయనెవరని అడుగుతారు. వాళ్ళ తప్పేం లేదు. నలుగురికీ తెలియాల్సిన ఆ ఒక్క రోజూ నేను నోరు మూసుకున్నాను.