రక్షించినవారు: ఇద్దరు

ఈ బరువు నా మీద ఎవరూ పెట్టలేదు. నేనే ఎత్తుకున్నాను, నేనే ఇన్నేళ్ళూ దాచుకున్నాను. మా ఆవిడకు తెలియదు. మా పాస్టరుగారికీ తెలియదు. ప్రతి ఆదివారం చర్చిలో తప్పులు ఒప్పుకునే ప్రార్థన గట్టిగానే చదువుతాను. అందరం కలిసి చదివేటప్పుడు ఒక మనిషి తప్పు హాయిగా దాక్కుంటుంది. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. మధ్యలో నన్ను నేను వెనకేసుకొస్తే పట్టుకోండి. నాకా అలవాటుంది.

తొంభైల చివర్లో విశాఖపట్నంలో ఒక కంపెనీకి ప్రజాసంబంధాల అధికారిగా ఉండేవాణ్ణి. ఆఫీసు ద్వారకా నగర్‌లో. కంపెనీ ఊరికి ఏదైనా సాయం చేస్తే, ఆ సాయం వల్ల కంపెనీకి ఎంత పేరొచ్చిందో తేల్చడం నా పని. నవ్వకండి, నిజంగానే కొలిచేవాణ్ణి. పొద్దున్నే పేపర్లన్నీ ముందేసుకుని, మా పేరున్న వార్త కత్తిరించి, స్కేలు పెట్టి ఎన్ని సెంటీమీటర్లుందో రాసేవాణ్ణి. ఫొటో పడితే విలువ ఎక్కువ. అది చూసే మా జనరల్ మేనేజరు వచ్చే ఏడాది ఏది ఉంచాలో, ఏది తీసేయాలో చెప్పేవారు.

అలా మేం చేసిన సాయాల్లో ఒకటి, రుషికొండ దాటాక ఉన్న ఒక చిన్న తీరంలో కాపలా. పక్క పల్లె నుంచి ఆరుగురు జాలర్లను పెట్టాం. నెల జీతం, పసుపు టీ షర్టు, వీపు మీద మా పేరు, మెడలో ఈల. సముద్రంలోకి దిగేవాళ్ళను కనిపెట్టుకుని ఉండాలి. వాళ్ళకు పెద్ద ఎల్లాజీ. నాకంటే పదేళ్ళు పెద్దవాడు. అయినా నేను 'నువ్వు' అనేవాణ్ణి, అతను నన్ను 'బాబూ' అనేవాడు.

ఏడాది తిరిగింది. రిపోర్టు రాయాలి. 'రక్షించినవారు' అన్న గడిలో ఇద్దరే ఉన్నారు. పేపర్లో వచ్చింది అగ్గిపెట్టంత వార్త. ఇంతేనా అని ఎల్లాజీని అడిగితే ఒక నోటు పుస్తకం తెచ్చి ఇచ్చాడు. అతని భార్య నూకరత్నానికి రాయడం వచ్చు. రోజూ సాయంత్రం అతను చెబుతుంటే ఆవిడ రాసేది. లోతుకు పోతుంటే ఈల వేసి వెనక్కి పిలిచినవాళ్ళు, తాగి దిగబోతే చెయ్యి పట్టుకుని ఒడ్డున కూర్చోబెట్టినవాళ్ళు, సుడి ఉన్న చోటు నుంచి పక్కకు పంపినవాళ్ళు. ఒక్కో మనిషికి ఒక్కో గీత. పేజీల నిండా గీతలే. చూశాను. చూసి, వీటికి పేపర్లో ఫొటో రాదు కదా అనుకున్నాను.

అప్పుడు నాకో బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. వాళ్ళలో ఒకడు మునిగిపోతున్నట్టు చేతులు కొట్టుకోవాలి, మిగతావాళ్ళు దూకి లాక్కురావాలి. విలేకరులను, ఫొటోగ్రాఫరును వెంటబెట్టుకుని మరీ వెళ్ళాను. ఎల్లాజీ ఒప్పుకోలేదు.

"ఏటి బాబూ, ములిగిపోయినట్టు ఏసం కట్టమంటారా? ఆ తల్లి మీద బతికేవోళ్ళం. ఆ మాట నోట కూడా అనం. ఆటకైనా సెయ్యం."

"ఐదు నిమిషాల పనయ్యా. ఏడాది మొత్తం మీద ఇద్దర్నే కాపాడారు. పైవాళ్ళకు నేనేం చూపించాలి?"

"ములగకుండా సూత్తన్నాం కదండీ. ములిగేదాకా సూసి, అప్పుడు దూకమంటారేటి?"

నవ్వుతూనే అన్నాడు. నా వెనక విలేకరులు కూడా నవ్వారు. బహుశా అతని మాటకే నవ్వి ఉంటారు, నన్ను చూసి కాదు. నాకు మాత్రం చెంప ఛెళ్ళుమన్నట్టయింది. అతను అన్నదే నిజమని నాకు అక్కడే, అప్పుడే తెలుసు. నాకు కోపం వచ్చింది అందుకే.

ఆఫీసుకొచ్చి రిపోర్టు రాశాను. రక్షించినవారు: ఇద్దరు. అబద్ధం కాదు. పత్రికల్లో వచ్చిన పేరు స్వల్పం. అదీ అబద్ధం కాదు. నోటు పుస్తకం మాత్రం జత చేయలేదు, సొరుగులో పడేశాను. అడుగున ఒక్క వాక్యం నా సొంతంగా చేర్చాను: 'స్థానికులు సహకరించడం లేదు, కొనసాగించనవసరం లేదు.' మా జనరల్ మేనేజరు మంచాయన. ఫోన్ చేసి, ఇంకేమైనా చూడాల్సింది ఉందా అని అడిగారు కూడా. లేదు సార్ అన్నాను. తడుముకోలేదు.

కాపలా తీసేశారు. ఆ డబ్బు బీచిలో ఒక పాటల కార్యక్రమానికి పోయింది. ఫొటోలు బాగా పడ్డాయి. నాకు మెచ్చుకోలు వచ్చింది.

ఎల్లాజీ ఆఫీసుకొచ్చాడు. చెప్పులు బయట విప్పి వచ్చి నిలబడి, "మా వల్ల తప్పేటైనా జరిగిందా బాబూ?" అని అడిగాడు. మీ తప్పేం లేదు, నేను చాలా చెప్పి చూశాను, పైవాళ్ళు వినలేదు అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట! కాఫీ కూడా తెప్పించాను.

ఆ ఏడాది కార్తీకమాసంలో, పిక్నిక్కుల రోజుల్లో, అదే తీరంలో ఒక కాలేజీ విద్యార్థి పోయాడు. సముద్రం లేని ఊరి నుంచి చదువుకోవడానికి వచ్చినవాడు. స్నేహితులతో కలిసి దిగాడు, సుడి ఉన్న చోటే. ఎల్లాజీ వాళ్ళు వేటకు వెళ్ళిపోయారు. జీతం ఆపేశాక ఒడ్డున ఎందుకుంటారు?

ఇక్కడ ఇంకోటి చెప్పాలి. దీనికే నోరు రావడం లేదు. పొద్దున్నే పేపర్లో ఆ వార్త కనబడగానే నేను చేసిన మొదటి పని, అందులో మా కంపెనీ పేరుందా అని వెతకడం. లేదు. హమ్మయ్య అనుకున్నాను. ఆ తర్వాత ఆ అబ్బాయి పేరు చదివాను.

కాపలా ఉంటే బతికేవాడా? ఏమో. ఆరుగురి కళ్ళు గప్పి కూడా దిగేవాడేమో, ఈత రానివాడు అసలు ఎందుకు దిగాలి, ఒడ్డున హెచ్చరిక బోర్డు ఉంది కదా, స్నేహితులైనా ఆపాలి కదా అని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్కలేదు. ఇదిగో, వెనకేసుకురావడం అంటే ఇదే. ఆ సుడి దగ్గర నుంచి వెనక్కి పంపినవాళ్ళ గీతలు నేను కళ్ళారా చూశాను. వాళ్ళలో ఒక్కరి పేరూ ఏ పేపర్లోనూ రాలేదు. రాదు కూడా. వాళ్ళందరూ సాయంత్రానికి ఇంటికి వెళ్ళిపోయారు.

తర్వాత ఆ ఉద్యోగం మానేశాను. ఆ చావు వల్ల మానేశానని చెప్పుకోవాలని ఉంది. కాదు, ఇంకోచోట జీతం ఎక్కువ.

చాలా ఏళ్ళకు ఒకరోజు పూర్ణా మార్కెట్‌కి వెళ్తే చేపల గంప ముందు నూకరత్నం. జుట్టు నెరిసింది. నేను పక్కకు తప్పుకునేలోపే గుర్తుపట్టింది. రెండు వంజరం ముక్కలు కోసి సంచిలో వేసింది. డబ్బు తీస్తే చెయ్యి అడ్డం పెట్టింది.

"మీకాడ డబ్బులేటి బాబూ? మాకోసం మీరు సానా సెప్పారంట. పైవోళ్ళు ఇన్లేదంట. మా ఆయన ఇప్పటికీ అంతాడు."

చుట్టూ జనం ఉన్నారు. అదొక వంక. ఎవరూ లేకపోయినా చెప్పేవాణ్ణా? సంచి తీసుకుని ఇంటికొచ్చాను. మా ఆవిడ పులుసు పెట్టింది, చేప తాజాగా ఉందంది. నేను తిన్నాను. రెండోసారి కూడా వడ్డించమన్నాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సింది మీరు కాదు. చెప్పాను కాబట్టి కాస్త ఊపిరి ఆడుతోంది, అలా ఆడుతున్నందుకూ సిగ్గుగానే ఉంది. ఆ గంప ముందు నిలబడి నేను అనాల్సిన మాట చాలా చిన్నది.

పైవాళ్ళు విన్నారమ్మా. నేను చెప్పిందే విన్నారు.