జలుబుకని ఇచ్చిన మాత్రలు

మా ఆయన ట్రక్కు నడిపేవాడు. ఇప్పుడు ఇంత తేలిగ్గా రాస్తున్నాను గానీ, ఆ రోజుల్లో ఇండియా నుంచి ఎవరైనా ఫోన్ చేస్తే "లాజిస్టిక్స్‌లో ఉన్నారు" అనేదాన్ని. కాకినాడలో ఆయన కాలేజీ లెక్చరర్. నేను గుంటూరులో బీఫార్మసీ చదివి, మూడేళ్ళు ఒక ఆసుపత్రిలో మందుల కౌంటర్ చూసుకున్నదాన్ని. న్యూజిలాండ్ వచ్చాక ఆయన చదువూ నా చదువూ సూట్‌కేసులోనే ఉండిపోయాయి. న్యూ లిన్ అనే పేటలో రెండు గదుల ఫ్లాట్ తీసుకున్నాం. నేను వృద్ధాశ్రమంలో దుప్పట్లు ఉతికి మడతపెట్టేదాన్ని. రెండువేల నాలుగైదు ప్రాంతంలో సంగతి ఇది.

ఆదివారం బయల్దేరితే వెల్లింగ్టన్, అక్కడ ఫెర్రీ ఎక్కి అవతలి దీవిలో క్రైస్ట్‌చర్చ్, మళ్ళీ అదే దారిన వెనక్కి. శుక్రవారానికి ఇల్లు చేరేవాడు. వచ్చేసరికి మనిషి మనిషిలా ఉండేవాడు కాదు. మెట్లెక్కితే నడుం పట్టేసేది. కాళ్ళు వాచి సాక్సుల గుర్తులు ఆదివారం దాకా పోయేవి కావు. రెండేళ్ళలో పొట్ట ముందుకొచ్చింది, బీపీ వచ్చింది, షుగర్ వాకిట్లో నిలబడి ఉందన్నాడు డాక్టర్. నేను కట్టిచ్చిన పెరుగన్నం అలాగే తిరిగొచ్చేది. పెట్రోలు బంకుల్లో దొరికే, మాంసం కూరి కాల్చిన పైలు, నిద్ర ఆపుకోవడానికి తాగే డబ్బా డ్రింకులూ, అదీ ఆయన భోజనం. నేను తిట్టేదాన్ని. మందులు చదివినదాన్ని కదా, తిట్టడానికి నా దగ్గర పెద్ద పెద్ద పేర్లుండేవి. ఆయన వింటూ వింటూ సోఫాలోనే గురక పెట్టేవాడు.

నాకు ఆ ఇంట్లో ఒకే ఒక్క కోరిక ఉండేది, బిడ్డ. రెండేళ్ళుగా ప్రయత్నిస్తున్నాం. వారంలో రెండు రాత్రులు ఇంట్లో ఉండే మొగుడితో ఏం ప్రయత్నమని మీరు నవ్వచ్చు. నేనూ నవ్వుకునేదాన్ని. మా వీధి చివర ఒక తెలుగు ఆంటీ ఉండేది. ఇక్కడ నాకు అమ్మంటే ఆవిడే. మొదటిసారి గైనకాలజిస్టు దగ్గరికి కారులో తీసుకెళ్ళింది కూడా ఆవిడే, మా ఆయన రోడ్డు మీద ఉన్నాడు కాబట్టి.

ఒక శనివారం పొద్దున ఆయన గ్లాసుతో నీళ్ళు తెచ్చాడు. పెళ్ళయ్యాక అదే మొదటిసారి. రెండో చేతిలో రెండు మాత్రలున్నాయి.

"నిన్నట్నించీ తుమ్ముతున్నావు. జలుబు ముదరకుండా ఇవేస్కో, రెండూ ఒకేసారి" అన్నాడు.

నేను తుమ్మింది ఒక్కసారి, అదీ పోపు ఘాటుకి. మాత్రలు అరచేతిలో వేసుకుని తిప్పి చూశాను. తెల్లగా, కోలగా ఉన్నాయి. మీద అచ్చువేసిన అక్షరాలు చదివాను. అజిత్రోమైసిన్, ఐదు వందలు. ఐదు వందలవి రెండు ఒకేసారి మింగమని ఎవరికి ఇస్తారో, ఎందుకు ఇస్తారో కౌంటర్లో నిలబడిన ఏ పిల్లకైనా తెలుసు. అలా మింగి వెళ్ళిన మగవాళ్ళని నేను చూశాను. ఒక్కడూ నా కళ్ళలోకి చూసేవాడు కాదు.

"ఇవి ఎవరిచ్చారు?"

"డాక్టరు. కంపెనీ మెడికల్‌కి వెళ్ళాగా."

"నన్ను చూడకుండా నాకెలా ఇచ్చాడండీ?"

ఆయన గ్లాసు బల్ల మీద పెట్టాడు. ఒంటికి పోయేటప్పుడు మంటగా ఉందని చెబితే పరీక్ష చేశారట. క్లమీడియా అనే సుఖరోగమని తేలిందట. క్రైస్ట్‌చర్చ్‌లో ఒక్కసారేనట. మీ ఆవిడని కూడా తీసుకురండి, ఆవిడకీ పరీక్ష చేసి మందిస్తాం అన్నారట.

"తీసుకెళ్తే నీకు తెలిసిపోద్దిగా" అన్నాడు, అదేదో సరైన కారణమైనట్టు.

"మరి ఇవి?"

"నాకిచ్చినవి. నేనేస్కోలేదు. నీకు తగ్గితే చాలు."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ఈయన అడుసు తొక్కి, తన కాలు వదిలేసి నా కాలు కడగబోయాడు. ఇద్దరూ మందు వేసుకోకపోతే జబ్బు మళ్ళీ ఒకరి నుంచి ఒకరికి వస్తుందని ఆ లెక్చరర్‌కి తట్టలేదు. నేను ఏడుస్తానేమోనని చూశాడు. నాకు ఏడుపు రాలేదు, కోపం కూడా రాలేదు. "ముందు మీరు వేసుకోండి" అని మాత్రలు ఆయన చేతిలో పెట్టి, మింగేదాకా నిలబడ్డాను. తర్వాత వెళ్ళి ఉప్మాకి పోపు పెట్టాను.

సోమవారం ఆయన రోడ్డు మీద ఉండగా నేనొక్కదాన్నే క్లినిక్‌కి వెళ్ళాను. నర్సు తలుపు వేసి, ఇంట్లో నీకెవరివల్లైనా భయముందా అని ఇంగ్లీషులో అడిగింది. లేదన్నాను. అది నిజమే. నాకూ ఉందని తేలింది. నా వాటా మాత్రలు నాకిచ్చారు, అక్కడే మింగాను. ఎన్నాళ్ళ నుంచి ఉందని అడిగితే, ఆడవాళ్ళలో చాలాసార్లు బయటపడకుండా ఉండిపోతుంది, చెప్పలేం అంది. బస్సులో ఇంటికొస్తూ ఆ 'ఒక్కసారి' గురించి ఆలోచించబోయి మానేశాను. దుప్పట్ల షిఫ్టుకి టైమయింది.

కొన్ని నెలల తర్వాత గైనకాలజిస్టు గర్భసంచిలోకి రంగు ఎక్కించి ఎక్స్‌రే తీయించాడు. రంగు రెండు ట్యూబుల దగ్గరా ఆగిపోయింది. పాత ఇన్ఫెక్షన్ వల్ల కావచ్చన్నాడు. మామూలుగా బిడ్డ పుట్టే అవకాశం లేదన్నాడు. మా ఆయన పక్కనే కూర్చుని నేల చూపులు చూశాడు. నేను థాంక్యూ చెప్పి లేచాను. ఏమీ అనిపించకపోవడం కూడా ఒక జబ్బేమో, దానికి మందు నేను చదువుకోలేదు.

ఆ నెలలోనే ఆంటీ ఇంట్లో సత్యనారాయణ వ్రతం. భోజనాల దగ్గర ఆవిడ మా ఇద్దరి ప్లేట్లలోనూ పులిహోర వడ్డిస్తూ, "ఏమ్మా, ఎక్స్‌రే తీశారటగా, డాక్టరేమన్నాడు?" అంది.

నేను నోరు విప్పేలోపే ఆయన అన్నాడు: "తనకే ప్రాబ్లమ్ ఆంటీ. ట్యూబులు మూసుకుపోయాయంట."

ఆంటీ గరిటె గిన్నెలో పెట్టేసి నా తల నిమిరింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఏ జన్మలో ఏం పాపం చేస్కున్నావే తల్లీ" అంది.

ఆ గదిలో నిజం తెలిసింది ఇద్దరికి. ఒకాయన తలవంచుకుని తింటున్నాడు.

"ఏమో ఆంటీ" అన్నాను.

ఆయన మీద కోపం తర్వాత వచ్చింది, చాలా ఏళ్ళుండి, పోయింది. నేను అన్న ఆ మాట మీద కోపం మాత్రం ఇప్పటికీ పోలేదు.