రోలు జరిపిన తల్లి

ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదని ఎవరైనా అడిగితే నా దగ్గర ఉన్నది ఒకటే జవాబు, నాకు రాయడం వచ్చేది కాదు. బడికి పోవలసిన వయసులో చంకలో తమ్ముడు, ఆ తమ్ముడు దిగి నడిచేనాటికి చేతిలో కలుపు కొడవలి. చర్చిలో పాటలన్నీ నోటికి వచ్చేవి గనుక అందరితోపాటు పుస్తకం తెరిచి పట్టుకుని పాడేదాన్నే గాని, తెరిచింది ఏ పేజీయో నాకే తెలియదు. అరవై దాటాక మా పాస్టరమ్మ ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను నిలబెట్టి చేతికి పలక ఇచ్చింది. రెండేళ్లు పట్టింది. ఇప్పుడు నిదానంగానైనా నా అంతట నేనే రాస్తున్నాను.

రాయడానికి కారణం మొన్న మా మనవరాలి ఫోనులో జరిగిన రగడ. ఆ పిల్ల కర్నూలులో చదువుకుంటోంది, సెలవులకు నా దగ్గరికి వస్తుంది. పోయిన ఏడు నన్ను కర్నూలుకు పిలుచుకుపోయి ఒక సూపర్ హీరో సినిమా చూపించింది. గనిలో రాళ్లు కొట్టే యువకుడికి ఉన్నట్టుండి కొండలెత్తే బలం వస్తుంది, తల్లి కుట్టిచ్చిన ముసుగు వేసుకుని ఆకాశంలో ఎగురుతాడు, చివరికి తెగిపోతున్న ఆనకట్టకు అడ్డంగా నిలబడి నీళ్లలో మునిగిపోతాడు, ముసుగొక్కటే పైకి తేలుతుంది. అక్కడితో ఆపేశారు. రెండో భాగం రావడానికి ఇంకా నెలలున్నాయట. ఈలోగా ఆ హీరో అభిమానులంతా ఫోనులో ఒకచోట చేరి, వాడికి ఆ బలం ఎక్కడిది, రెండో భాగంలో ముసుగు ఎవరు వేసుకుంటారు అని పగలూ రాత్రీ వాదించుకుంటున్నారు. ఆకాశం నుంచి పడిన రాయి అంటారు కొందరు, వేరే లోకంలో కవల తమ్ముడున్నాడంటారు ఇంకొందరు. మనవరాలు అవన్నీ చదివి వినిపిస్తుంటే జొన్నలు చెరుగుతూ వింటున్న నాకు నవ్వాగలేదు.

"బలం వానిది కాదు పాపా, వాళ్లమ్మది. రెండో దాంట్లో ముసుగు ఏసుకునేది ఆమే" అన్నాను.

ఎలా చెబుతున్నావంది. మొదట్లో విలన్ మనుషులు ఆ ఇల్లు వెతకడానికి వచ్చినప్పుడు, వాకిట్లో ఉన్న రోలు కింద ఏమైనా దాచారేమోనని ఇద్దరు మొగోళ్లు ముక్కుతూ మూలుగుతూ దాన్ని జరుపుతారు. తర్వాత చాలాసేపటికి, హీరో ఏదో ఆలోచిస్తూ అరుగు మీద కూర్చున్నప్పుడు, వెనకాల తల్లి ఊడుస్తూ ఊడుస్తూ వచ్చి అదే రోలును ఎడమచేత్తో పక్కకు జరిపి, కింద ఊడ్చి, మళ్లీ దాని చోటికి జరిపి పోతుంది. మా వాకిట్లోనూ అలాంటి రోలుంది. కోడలిగా వచ్చిన నాటి నుంచి దాని చుట్టూ ఊడ్చానే గాని కింద ఊడ్చింది లేదు.

"మూడుతూర్లు చూసినా, నాకు కనపడల్యా గదవ్వా!"

"నువ్వు వాన్ని చూస్తాంటివి. నేను ఆమెను చూస్తాంటి."

నా ఈడు ఆడవాళ్లకు ఈ చూపు కొత్తది కాదు. మాది కోయిలకుంట్ల దగ్గర నల్లరేగడి పల్లె. పెళ్లైన కొత్తలో మా కలుపు కూలీల గుంపులో ఒక పద్ధతి ఉండేది. కోయిలకుంట్ల టాకీసులోకి కొత్త సినిమా వస్తే అందరం పోలేము కాబట్టి, సంతరోజు తలా కొన్ని పైసలు వేసి ఒక్కదాన్నే మ్యాట్నీకి పంపేవాళ్లు. చూసొచ్చిన మనిషి మరుసటి రోజు చేనులో కథ మొత్తం చెప్పాలి. దానికి బదులు ఆ మనిషి వంతు సాలులో కలుపు అటూ ఇటూ ఉన్నవాళ్లు చెరి సగం తీసేవాళ్లు. జ్ఞాపకం గట్టిది గనుక ఎక్కువసార్లు నన్నే పంపేవాళ్లు. వంగి కలుపు తీస్తూ వాళ్లు ముందుకు వస్తుంటే, అందరికీ వినపడాలని వాళ్లకు ఎదురు తిరిగి, మొలకలు తొక్కకుండా వెనక్కి వెనక్కి నడుస్తూ, ఏడ్చేచోట ఏడ్చి, కత్తి తిప్పేచోట కొడవలి తిప్పి చెప్పేదాన్ని. మా ఆడబిడ్డ నా సాలు తీస్తూనే మధ్యలో అడ్డం తగిలేది, "వదినా, పాటలు ఎగ్గొడితే నీ సాలు నువ్వే తీసుకో" అని.

ఒకసారి, గొలుసులతో గుహలో కట్టేసిన ఒక బలశాలి కథ. కొస తెలిసే సమయానికి టాకీసులో కరెంటు పోయి, మళ్లీ రాలేదు. చూడనిది చూసినట్టు చెప్పడం మా పద్ధతిలో తప్పు. అందుకని మరుసటి రోజు ఉన్నమాట చెప్పేసి, నా ఊహ మాత్రం ఇదీ అన్నాను: వాడికి రోజూ కూడు తెచ్చే ముసలమ్మ మొలలో తాళంచెవి ఉంటుంది, ఆమే విడిపిస్తుంది. గుంపంతా భగ్గుమంది. ఒకరు రాజకుమారి అన్నారు, ఒకరు ఏనుగు అన్నారు. మూడు రోజులు చేనంతా అదే పోట్లాట, నడుము నొప్పి ఎవరికీ గుర్తు లేదు. చూసిన కథ చెప్పిన రోజుల్లో కూడా అంత సంతోషం నేను ఎరగను.

మూడో రోజు చేను ఆసామి కొడుకు గట్టు మీదికి వచ్చాడు. కర్నూలులో చదివేవాడు, ఆ సినిమా అక్కడే చూశాడట. గొలుసులు హీరోనే తెంచుకుంటాడని చెప్పి, నా వైపు తిరిగి, "కూడు తెచ్చే ముసల్ది యాడన్నా హీరోను ఇడిపిస్తాదామ్మే? సంతకం పెట్టను రాదు, కథలకు కొసలు కడతాండావా?" అని నవ్వాడు. గుంపులో కూడా ఒకరిద్దరు నవ్వారు. నేను తల వంచుకుని నా సాలులో కూర్చున్నాను. ఆడబిడ్డ మాత్రం కలుపు పీకుతూ నా చెవిలో, "వాంది నిజమే కావచ్చు, నీదే బాగుండాది వదినా. రేపు గూడా చెప్పు" అంది. చెప్పలేదు. ఆ తర్వాత ఎన్నో సినిమాలు చూసొచ్చి, చూసింది చూసినట్టు అప్పజెప్పానే తప్ప, నా ఊహ అన్నది ఎన్నడూ నోరు దాటి రాలేదు. నా తప్పు అది. ఊహ తప్పడం కాదు, ఊరుకోవడం.

అందుకే మొన్న మనవరాలు, "నేను రాసి పెడతాలే అవ్వా" అంటే వద్దన్నాను. నోటు పుస్తకంలో నేనే ఒక పేజీ రాశాను. అది ఫోటో తీసి ఆ అభిమానుల మధ్య పెట్టింది. సాయంత్రానికి ఒకటే గోల. ఆ రాత చదవాలంటే ఇంకో సూపర్ హీరో రావాలని ఒకడు. అవ్వా, ఆ రోలు అట్టతో చేసింది, ఎవరైనా జరుపుతారు, పోయి సీరియల్ చూసుకో అని ఇంకొకడు. దానికి వందలమంది నవ్వుల బొమ్మలు. మనవరాలి కళ్లల్లో నీళ్లు. తీసేస్తా అవ్వా అంటుంది. నాకు మాత్రం గట్టు మీది ఆ నవ్వే మళ్లీ వినిపించింది, నా తల దానంతటదే వంగబోయింది.

ఆ రోజు నా పక్కన ఉన్నవాళ్లు ఇప్పుడు లేరు. ఆడబిడ్డ పోయి నాలుగేళ్లు. మా చేలల్లో కలుపు మందు కొడుతున్నారు. ఒక్క మనిషి డబ్బా వీపుకు తగిలించుకుని, మూతికి గుడ్డ కట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా ఒక్క పూటలో పోయి వస్తాడు. వెనక్కి నడుస్తూ కథ చెప్పే మనిషితో ఆ చేనుకు పని లేదు. చేనంతా కలిసి పోట్లాడుకున్న ఆ పోట్లాట ఇప్పుడు ఫోనులోకి పోయి కూర్చుంది. నవ్వేవాడి మొహం కనపడదు, "నీదే బాగుండాది" అని చెవిలో చెప్పే మనిషి అసలే లేదు. అయినా అది చేను లాంటిదే, నాకూ అందులో ఒక సాలు ఉంది.

తెల్లవారి లేచి, టీ కూడా తాగకుండా రెండో పేజీ రాశాను. "రోలు అట్టదే నాయనా. ఎగిరే మీ హీరో కూడా తాడు కట్టించుకుని ఎగిరినోడే. తాడును నమ్మినోళ్లు రోలును నమ్మడానికి ఏం అడ్డం? రేపు సినిమాలో నా మాట తప్పితే తప్పనీ. అప్పుడు కూడా నాదే బాగుంటుంది." కింద నా పేరు, ఊరి పేరు పెట్టి, తీసెయ్యొద్దని చెప్పి ఫోటో తీయించాను. బదులు ఏం వచ్చిందో చూడమని అడగలేదు. గడ్డపార తెచ్చి రోలు అంచు కింద పెట్టి, మనవరాలిని రెండో వైపు పట్టమన్నాను. ఇద్దరం ముక్కుతూ మూలుగుతూ దాన్ని పక్కకు జరిపాము. కింద నేల చల్లగా ఉంది. పొరక తీసుకుని అక్కడ ఊడ్చాను.