తలుపు పక్క బీరువా

ఉద్యోగం నుంచి దిగిపోయాక నాకు వడ్రంగం పిచ్చి పట్టుకుంది. ప్రొద్దుటూరులో మా ఇంటి పెరట్లో రేకుల షెడ్డు వేయించి రంపాలు, ఉలులు, చిత్రికలు కొన్నాను. వాటికి చోటు లేదు. కాలు కదిపితే ఉలి, చెయ్యి చాపితే రంపం. అసలే నాకు ఓపిక తక్కువ. హాల్లో వీధి తలుపు పక్కనున్న పాత టేకు బీరువా మీద నా కన్ను పడింది.

“దాన్ని మాత్రం ముట్టుకోవాకు మామా,” అంది నా భార్య.

“ఎందుకంట? లోపలుండేది పాత దుప్పట్లే గదా!”

“ఆడ ఉంటే నీకేం అడ్డమొస్తాంది? ఉండనీ.”

ఎందుకో నాకు తెలుసనుకున్నాను. జమ్మలమడుగు పక్క పల్లెలో మేం కాపురం పెట్టిన రోజుల్లో ఊరు రెండుగా చీలి ఉండేది. మేం ఎవరి మనుషులమూ కాదంటే నమ్మే నాథుడు లేడు. ఇల్లు ఏ వీధిలో ఉంటే ఆ పార్టీ. పొద్దు గూకగానే ఇద్దరం ఈ బీరువాను పక్కకు తోసి తలుపుకు అడ్డం పెట్టేవాళ్లం. ఒకసారి ఎన్నికలప్పుడు మా గడప మీద నాటుబాంబు పడింది. తలుపు పగిలింది గానీ బీరువా కదల్లేదు. దాని వెనక నక్కి బతికిపోయాం. ఆ ఊరు వదిలి ఇక్కడికొచ్చాక కూడా ఆమె దాన్ని తలుపు పక్కనే పెట్టించింది.

“ఆ కాలం పోయిందే పిచ్చిదానా! ఇంకా తాడును చూసి పామని ఉలిక్కిపడితే ఎట్లా?” అని నవ్వాను. ఆమె నా వైపు ఒకసారి చూసి వంటింట్లోకి పోయింది. మర్నాడే పక్కింటాయన్ని పిలిచి, ఇద్దరం బీరువాను షెడ్డులోకి మోసుకుపోయాం.

అరలు జరిపాను. తలుపుల లోపలి వైపు ఉలులు దోపుకోవడానికి తోలు పట్టీలు కొట్టాను. వెనక పలకకు చిత్రిక పడుతుంటే బ్లేడు దేనికో తగిలి కిర్రుమంది. చూస్తే చెక్కలో దిగబడిన మేకు ముక్క, ఆనాటి బాంబులోది. పట్టకారుతో లాగి పారేశాను. చివరికి ఎటంటే అటు జరుపుకోవచ్చని కింద చక్రాలు బిగించి, నా తెలివికి నేనే భుజం తట్టుకున్నాను.

ఏం లాభం? అప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. ఉక్క అనుకున్నాను, దోమలనుకున్నాను. పొద్దున్నే లేచి ఆమె మీద విసుక్కున్నాను.

ఓట్లు లెక్కపెట్టే రోజు మధ్యాహ్నం షెడ్డులో ఉన్నాను. వీధిలో మోటారు సైకిళ్ల రొద, కేకలు. అంతలో గోడ అవతలే ఢామ్మంది. వెంటనే ఇంకోటి. ఒళ్లు నా వశంలో లేదు. షెడ్డు తలుపు మూసి, బీరువాను దానికి అడ్డం తోసి, వీపుతో అదిమి నిలబడ్డాను. చక్రాల బీరువా ఆగుతుందా? బయటి నుంచి ఎవరో తలుపు నెట్టేసరికి అది నన్ను తోసుకుంటూ వెనక్కి జారింది. ఉలులన్నీ ఖణఖణమంటూ కింద పడ్డాయి. నేను గట్టిగా అరిచాను.

“నేనే మామా, తీయి! గెలిచినోళ్లు టపాసులు కాలుస్తాండారు.”

తీశాను. చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. ఆమె కింద పడిన ఉలులను చూసింది, నా ముఖం చూసింది.

“నీకు భయం కాలేదా?” అన్నాను.

“నాకెందుకు భయం? నా భయం ఆ ఊర్లోనే పాయ. నిద్రలో ఉలిక్కిపడి కేకలేస్తాండింది నువ్వు. తలుపు పక్కన అది ఉంటేనే నిమ్మళంగా పండుకుంటాంటివి. అందుకే వద్దంటి.”

“ఇన్నేండ్లూ చెప్పకపోతివే!”

“చెప్తే ఒప్పుకుంటావా నువ్వు?”

ఒప్పుకునేవాణ్ణి కాదు. పైగా నాలుగు తిట్టేవాణ్ణి. తల ఎత్తలేక అక్కడే కూర్చుని, చక్రాల స్క్రూలు విప్పడం మొదలుపెట్టాను.

“పక్కింటాయన్ని పిల్చుకోని రాపో,” అన్నాను.

“మరి నీ ఉలులు యాడ పెట్టుకుంటావు?”

“నేల మీద.”